నొప్పి చుట్టూ తిరిగే ఇల్లు

వైద్య పరీక్షలన్నీ చేయించినా తగిన కారణం బయటపడని కడుపునొప్పి, తలనొప్పి, కాళ్ళు పీకడం, వాంతులు, కళ్ళు తిరగడం, అరుదుగా నడక తడబడటం, ఫిట్స్‌ను పోలిన కుదుపులు రావడం పిల్లల వైద్యంలో కొత్త సమస్యలు కావు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లీ అనే పిల్లల వైద్యుడి ఆధ్వర్యంలో వెయ్యి మంది బడిపిల్లలపై జరిగి, 1958లో ప్రచురితమైన సర్వేలో, దాదాపు 11 శాతం మందికి మూడు నెలల వ్యవధిలో కనీసం మూడుసార్లు, రోజువారీ పనులకు అడ్డొచ్చేంత తీవ్రంగా కడుపునొప్పి వచ్చినట్టు తేలింది. ఇలాంటి బాధలను వైద్యులు చాలాకాలం ‘వైద్యపరమైన వివరణ దొరకని శారీరక లక్షణాలు’ అంటూ వచ్చారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు, కారణం దొరికిందా లేదా అన్న అంశాన్ని వెనక్కి నెట్టి, లక్షణం వల్ల కలిగే వ్యథకూ, దాని చుట్టూ అల్లుకున్న ఆలోచనలకూ, ప్రవర్తనకూ ప్రాధాన్యమిచ్చి ‘శారీరక లక్షణ రుగ్మత’ అనే విభాగాన్ని ఏర్పరచింది. ఈ మార్పు తల్లిదండ్రులకూ దారి చూపుతుంది. నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందని వెతకడం కన్నా, నొప్పి వచ్చాక ఇంట్లో ఏం జరుగుతున్నదో గమనించడం వల్లనే చికిత్స ముందుకు సాగుతుంది.

ఈ నొప్పి నాటకం కాదన్నది మొదట స్థిరపరచుకోవలసిన విషయం. పేగుల గోడల్లో విస్తరించిన నాడీజాలానికీ మెదడుకూ మధ్య ఎడతెగకుండా సంకేతాలు నడుస్తుంటాయి. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా ఒక విరేచనాల జబ్బు చేసి తగ్గిన తరువాతనో, ఎక్కువకాలం ఆందోళనకు గురైనప్పుడో, ఈ సంకేతాల తీవ్రత పెరిగి, గ్యాస్ వల్ల పేగు కాస్త సాగినా, తోటిపిల్లలకు తెలియనైనా తెలియని చోట, వారికి అది నొప్పిగా అందుతుంది. దీనిని పేగుల అతిస్పందన అంటారు. నొప్పి వస్తుందేమోనన్న భయం శరీరాన్ని మరింత అప్రమత్తం చేయడం, అప్రమత్తమైన శరీరం చిన్న కదలికను కూడా పెద్దగా నమోదు చేయడం, దానితో భయం ఇంకా పెరగడం ఒక వలయంగా సాగుతాయి. ఆ వలయంలోకి ఇంట్లోవారి భయం కూడా వచ్చి చేరినప్పుడు అది కుటుంబ విషయమవుతుంది.

1998లో హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల వరకూ విస్తరించిన ఐటీ కారిడార్‌లో కుటుంబాల కాలక్రమానికి ఒక ప్రత్యేకమైన రూపం ఏర్పడింది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులు కావడం, అమెరికా సమయానికి కుదిరే కాల్స్ సాయంత్రం మొదలై పిల్లలు నిద్రపోయే దాకా సాగడం, తండ్రి ఆరు నెలలో ఏడాదో విదేశంలోని క్లయింటు దగ్గర పనిచేయడానికి ఆన్‌సైట్‌కు వెళ్ళడం, ఆ ఖాళీని పూరించడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మమ్మ, నాయనమ్మ వంతులవారీగా వచ్చి ఉండటం, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ క్లాసులూ వారాంతపు పరీక్షలూ పిల్లల మీద పడటం ఇక్కడ సర్వసాధారణం. కడుపునొప్పి పల్లెల్లోని పిల్లలకూ వస్తుంది, బ్రిస్టల్ పిల్లలకూ వచ్చింది. కాని ప్రతి గంటా ముందే క్యాలెండర్‌లో కేటాయింపయ్యే ఇంట్లో, ఒక కాల్‌ను రద్దు చేయించగలిగిన శక్తి, తల్లిని లాప్‌టాప్ మూసి మంచం పక్కకు రప్పించగలిగిన శక్తి, చాలాసార్లు ఆ నొప్పి ఒక్కదానికే ఉంటుంది. పిల్లవాడు ఈ లెక్క వేసుకుని నొప్పి తెచ్చుకోడు. లెక్క వేసుకోకుండానే, ఏ సందర్భంలో దగ్గరితనం దొరుకుతున్నదో శరీరం నేర్చుకుంటుంది.

కారిడార్ కుటుంబాలకు ఉన్న మరొక సౌలభ్యమే ఒక్కోసారి చిక్కు తెచ్చిపెడుతుంది. పిల్లల ఆసుపత్రులు దగ్గర్లోనే ఉండటం, కంపెనీ ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ చేతిలో ఉండటం వల్ల ఒక పరీక్ష మీద మరొక పరీక్ష చేయించడానికి ఎవరూ వెనుకాడరు. కడుపునొప్పితో వచ్చిన బిడ్డకు పొట్ట స్కానింగ్ తీసినప్పుడు రిపోర్టు చివర తరచుగా కనిపించే ఒక వాక్యాన్ని ఇక్కడ దగ్గరగా చూడటం మంచిది. పేగులను పట్టి ఉంచే మెసెంటరీ అనే పొరలో కొన్ని లింఫ్ గ్రంథులు కనిపించాయని, వాటి పరిమాణం ఇన్ని మిల్లీమీటర్లని ఆ వాక్యం చెబుతుంది. ఏ బాధా లేని ఆరోగ్యవంతులైన పిల్లల్లో కూడా అలాంటి చిన్న గ్రంథులు స్కానింగ్‌లో మామూలుగానే కనిపిస్తాయి. అయినా ఆ వాక్యం చదివిన తండ్రి ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికి, టీబీ దాకా, క్యాన్సర్ దాకా వెళ్ళి వస్తాడు. నెల తిరగకుండా రెండో స్కానింగ్, ఆపై రక్తపరీక్షలు, అవసరమున్నా లేకున్నా ఒక కోర్సు యాంటీబయాటిక్స్ వరుసకడతాయి. గ్రంథి పరిమాణం ఒక మిల్లీమీటరు తగ్గిందన్న వార్త ఇంట్లో పండుగ, పెరిగిందన్న వార్త పీడకల అవుతుంది. ఇదంతా వింటున్న ఎనిమిదేళ్ళ బిడ్డకు తన పొట్టలో ఏదో ప్రమాదకరమైనది ఉన్నదన్న నమ్మకం స్థిరపడిపోతుంది.

దీని అర్థం పరీక్షలే వద్దని కాదు. బరువు తగ్గడం, ఎదుగుదల ఆగిపోవడం, మలంలో రక్తం, వదలని జ్వరం, పచ్చటి వాంతులు, నిద్రలోంచి లేపేసే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకే చోట, ముఖ్యంగా పొట్ట కుడివైపు కింది భాగంలో నిలిచిపోయే నొప్పి, తెల్లవారుజామున వాంతితో కూడిన తలనొప్పి, చూపు మసకబారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. మలబద్ధకం, నులిపురుగులు, పాలు పడకపోవడం, రక్తహీనత, బీ12 లోపం వంటి మామూలు కారణాలను కూడా ముందే చూసుకోవాలి. చిక్కంతా ఒక పరిమితమైన, హేతుబద్ధమైన పరిశోధన ముగిశాక కూడా, ఏదో ఒకటి దొరికే దాకా వెతుకుదామన్న పట్టుదలతో ఆసుపత్రి మారుస్తూ పోవడంలో ఉంది. ఒకే పిల్లల వైద్యుడి దగ్గర, నొప్పి వచ్చినా రాకపోయినా నెలకొకసారి ముందే నిర్ణయించుకున్న తేదీన చూపించుకునే పద్ధతి ఈ పరుగును చాలావరకు ఆపుతుంది.

‘రిపోర్టులన్నీ నార్మల్’ అన్న మాట ఇంటికి చేరేసరికి రెండు రకాలుగా మారిపోతుంది. తల్లి దానిని ‘ఇంకా పట్టుకోలేకపోయారు’ అని వింటుంది, తండ్రి ‘బడి ఎగ్గొట్టడానికి నాటకాలు’ అని వింటాడు, ఒక్కోసారి ఈ పాత్రలు తారుమారవుతాయి. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న బిడ్డకు తన బాధ నిజమని రుజువు చేసుకోవలసిన అవసరం ఏర్పడుతుంది, రుజువు చేసుకోవడానికి మిగిలిన దారి మరింత నొప్పి పడటమే. అందువల్ల వైద్యులు ఇప్పుడు హార్డ్‌వేర్ బాగానే ఉందనీ, సాఫ్ట్‌వేర్‌లో తేడా వచ్చిందనీ వివరిస్తుంటారు. సైబరాబాద్ తల్లిదండ్రులకు ఈ పోలిక వెంటనే ఎక్కుతుంది, అయితే దానిలో ఒక ప్రమాదం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ అనగానే వారు ఒక బగ్‌నూ, దాన్ని సరిచేసే ఒక ఇంజినీరునూ, ఒక గడువునూ ఊహించుకుంటారు. కుటుంబ చికిత్సలో సరిచేసేవాడు బయటి మనిషి కాదు, గడువు కూడా ముందే తెలియదు.

కుటుంబ చికిత్స అంటే ఒక వ్యక్తిలోని లక్షణాన్ని ఆ వ్యక్తిలో మాత్రమే కాకుండా, ఇంట్లోవారి మధ్య సాగే మాటల్లో, మౌనాల్లో, అలవాట్లలో చూసి, వాటిని మార్చడం ద్వారా ఆ లక్షణానికి ఉన్న పట్టును సడలించే పద్ధతి. 1970లలో ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో పనిచేసిన సాల్వడార్ మినూచిన్ తన సహచరులతో కలిసి, అదుపులోకి రాని మధుమేహం, ఉబ్బసం, ఆహారం మానేసే అనొరెక్సియా ఉన్న పిల్లల కుటుంబాలను పరిశీలించి, వాటిలో కొన్ని ఉమ్మడి లక్షణాలను గుర్తించాడు. ఒకరి విషయాల్లోకి ఒకరు హద్దు లేకుండా చొరబడటం, అతిగా కాపాడటం, మార్పుకు లొంగకపోవడం, తగవులను పరిష్కరించుకోకుండా కప్పిపుచ్చడం, తల్లిదండ్రుల విభేదాల మధ్యకు బిడ్డను లాగడం ఆయన చెప్పినవి. 1978లో గ్రంథరూపం దాల్చిన ఈ సిద్ధాంతం ఎంత ప్రభావం చూపిందో అంత విమర్శనూ ఎదుర్కొన్నది. జబ్బుకు కుటుంబమే కారణమన్న నింద దానిలో దాగి ఉందన్న ఆక్షేపణ న్యాయమైనదే. పైగా అమ్మమ్మ పక్కన పడుకునే పిల్లలను, ఒకే కంచంలో కలిపి తినిపించే ఇళ్ళను అదే కొలతతో కొలిస్తే తెలుగిళ్ళలో సగం జబ్బు ఇళ్ళుగానే తేలుతాయి. భారతదేశంలో కుటుంబాన్ని దోషిగా కాక వనరుగా చూసే సంప్రదాయం వేరుగా పెరిగింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాలకు చికిత్స అందించడానికే ఒక ప్రత్యేక కేంద్రం పనిచేస్తున్నది. ఈ అధ్యాయం ఆ రెండో దారినే అనుసరిస్తుంది.

తల్లిదండ్రుల స్పందనకు ఎంత బలముందో చూపిన ప్రయోగాల్లో, అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో లిన్ వాకర్ బృందం 2006లో ప్రచురించినది అన్నిటికన్నా స్పష్టమైనది. తరచూ కడుపునొప్పి వచ్చే పిల్లల చేతా, ఆరోగ్యవంతులైన పిల్లల చేతా కడుపు నిండిపోయి ఇబ్బందిగా అనిపించేదాకా నీళ్ళు తాగించి, ఆ తరువాత కొందరు తల్లిదండ్రులను నొప్పి గురించి ఆప్యాయంగా అడుగుతూ ఓదార్చమనీ, మరికొందరిని మాటను వేరే విషయాల మీదికి మళ్ళించమనీ, ఇంకొందరిని తమకు తోచినట్టు ప్రవర్తించమనీ చెప్పారు. ఓదార్పు దొరికిన పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మాట మళ్ళించిన చోట సగానికి తగ్గాయి. అంతకన్నా ఆలోచింపజేసే ఫలితం మరొకటి ఉంది. మాట మళ్ళించడం వల్ల తమకు హాయిగా అనిపించిందని పిల్లలు చెబితే, నొప్పితో బాధపడే పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఓదార్చడం కన్నా మాట మళ్ళించడమే బిడ్డకు ఎక్కువ హాని చేస్తుందని భావించారు. కుటుంబ చికిత్సలో జరిగే పెనుగులాటలో ఎక్కువ భాగం ఈ భావనతోనే. నొప్పిని పట్టించుకోకపోవడమంటే బిడ్డను పట్టించుకోకపోవడమేనన్న నమ్మకం తల్లికి సహజంగా ఉంటుంది, దానిని తర్కంతో తీసేయడం కష్టం.

దీనిని ఒక ఉదయంలో ఊహించవచ్చు. బడి బస్సు గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గరకు ఏడుంబావుకు వస్తుందనుకుంటే, ఆరున్నరకు దుప్పటి తీస్తూ తల్లి అడిగే మొదటి మాట “నాన్నా, ఇవాళ నొప్పి ఎలా ఉందిరా?” అవుతుంది. అప్పటిదాకా నొప్పి సంగతి తలచని పిల్లవాడు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తన పొట్టను తానే వెతుక్కుంటాడు, వెతికితే ఏదో ఒకటి దొరకకుండా ఉండదు. నాయనమ్మ వంటింట్లోంచి ఇంగువ కలిపిన గోరువెచ్చని నీళ్ళు తెచ్చి బొడ్డు చుట్టూ రాస్తుంది, “రాత్రి ఎవరి కళ్ళు పడ్డాయో” అంటూ ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి తీస్తుంది. అర్ధరాత్రి దాకా కాల్‌లో ఉన్న తండ్రి నిద్రకళ్ళతో లేచి వచ్చి “ఇవాళ కూడా మానేస్తాడా?” అంటాడు. బస్సు వెళ్ళిపోయాక ఎనిమిదిన్నరకు నొప్పి తగ్గుతుంది, ట్యాబ్ చేతికి వస్తుంది, మధ్యాహ్నం పెరుగన్నం నాయనమ్మే కలిపి పెడుతుంది. ఈ వరుసలో ఏ ఒక్కరూ తప్పు చేయడం లేదు. ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన ప్రేమను చూపుతున్నారు, మొత్తం కలిసి నొప్పికి ఒక దినచర్యను సమకూరుస్తున్నారు.

కుటుంబ చికిత్స నిపుణుడు ఈ వరుసను బయటికి తీయడంతోనే పని మొదలుపెడతాడు. మొదటి సమావేశానికి బిడ్డతోపాటు ఇంట్లో ఉన్న పెద్దలందరినీ, నాయనమ్మతో సహా, రమ్మంటాడు. ఆన్‌సైట్‌లో ఉన్న తండ్రిని వీడియో కాల్‌లో కూర్చోబెడతాడు, ఆఫీసు కాల్స్ అన్నీ అలాగే జరిగే ఇళ్ళలో దీనికి అభ్యంతరం ఉండదు. మూడు తరాల వారిని, వారి జబ్బులను, దగ్గరితనాలను, ఎడబాట్లను గుర్తులతో గీసే జెనోగ్రామ్ అనే పటాన్ని కుటుంబం చేతే గీయిస్తాడు. తాతయ్య కడుపు క్యాన్సర్‌తో పోయిన సంగతి, ఆ భయమే మనవడి ప్రతి నొప్పినీ తల్లి చెవిలో పెద్దది చేస్తున్న సంగతి తరచుగా ఆ కాగితం మీదే మొదటిసారి బయటపడుతుంది. తరువాత వచ్చేవి ఒకరి గురించి మరొకరిని అడిగే ప్రశ్నలు. బిడ్డకు నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో అందరికన్నా ముందు ఎవరి ముఖం మారుతుందని చెల్లెలిని అడగడం, ఈ నొప్పి రేపటి నుంచి ఉండదనుకుంటే అమ్మానాన్నలు రాత్రి భోజనాల దగ్గర దేని గురించి మాట్లాడుకుంటారని నాయనమ్మను అడగడం ఈ తరహావి. ఇలాంటి ప్రశ్నకు ఇల్లంతా నిశ్శబ్దమైపోతే, చికిత్సకు పనికొచ్చే చోటు దొరికినట్టే లెక్క.

అక్కడి నుంచి జరిగే మార్పు శ్రద్ధను తగ్గించడం కాదు, దానిని నొప్పి మీద నుంచి బిడ్డ మీదికి మళ్ళించడం. నొప్పి గురించి పెద్దలు తమంతట తాము అడగడం పూర్తిగా మానేస్తారు. బిడ్డ చెప్పినప్పుడు మాత్రం ఒక్కసారి విని, నమ్మి, “అవునా, కాస్త నెమ్మదిగా గాలి పీల్చుకో, ఆ తర్వాత జడ వేసుకుందాం” అన్నంత క్లుప్తంగా స్పందించి పనిలోకి దిగుతారు. అదే సమయంలో, నొప్పి ఉన్నా లేకపోయినా ప్రతిరోజూ ఒకే వేళకు, ఫోన్ పక్కన పెట్టి బిడ్డతో గడిపే కొంత సమయాన్ని తల్లీ తండ్రీ విడివిడిగా క్యాలెండర్‌లో రాసుకుంటారు. కారిడార్ ఇళ్ళలో అన్నిటికన్నా కష్టమైన షరతు ఇదే, చికిత్స విఫలమయ్యేది కూడా ఎక్కువగా ఇక్కడే. నొప్పి గురించి అడగడం మానేసి, ఆ సమయాన్ని తిరిగి లాప్‌టాప్‌కు ఇచ్చేసిన ఇంట్లో బిడ్డకు మిగిలేది నష్టం మాత్రమే, శరీరం ఆ నష్టాన్ని ఊరుకోదు. నాయనమ్మ ఇంగువనూ దిష్టినీ మాన్పించనవసరం లేదు, మాన్పిస్తే ఆమె చికిత్సకు శత్రువవుతుంది. దిష్టి నొప్పి వచ్చినప్పుడు కాక ప్రతి ఆదివారం అని, ఇంగువ నీళ్ళు అందరికీ రాత్రి భోజనం తరువాత అని సమయం మారిస్తే సరిపోతుంది. బడి మానిన రోజు సెలవు రోజులా కాక జబ్బు రోజులా గడవాలి. మంచం, తేలికైన భోజనం, విశ్రాంతి తప్ప తెర ఏదీ ఉండకూడదు. చాలా వారాలుగా బడికి పోని బిడ్డను ఒక్కసారిగా రోజంతా పంపడం కన్నా, క్లాస్ టీచర్‌తో మాట్లాడి మొదట రెండు పీరియడ్లు, తరువాత పూట, ఆపై రోజు అని పెంచుకుంటూ పోవడం మేలు. నొప్పి వస్తే ఇంటికి ఫోన్ చేయకుండా సిక్‌రూమ్‌లో పావుగంట పడుకుని తిరిగి తరగతికి వెళ్ళేలా బడితో ముందే మాట్లాడుకోవాలి.

కొన్ని ఇళ్ళలో నొప్పి మరొక పని చేస్తుంటుంది. తండ్రి అమెరికాలో స్థిరపడదామనీ తల్లి ఇక్కడే ఉందామనీ నెలల తరబడి తేల్చుకోలేని చోట, బిడ్డ నొప్పి వల్ల ఆ చర్చ వాయిదా పడుతుంది. ఇద్దరూ కలిసి మాట్లాడుకోగల ఏకైక విషయం బిడ్డ ఆరోగ్యమే అయినప్పుడు, బిడ్డ వారిని కలిపి ఉంచే బాధ్యతను తెలియకుండానే మోస్తుంటాడు. ఇద్దరి మధ్య ఒత్తిడిని మూడో వ్యక్తి మీదుగా మళ్ళించడాన్ని త్రికోణీకరణ అంటారు. అలాంటప్పుడు నిపుణుడు కొన్ని సమావేశాలు బిడ్డ లేకుండా తల్లిదండ్రులతోనే జరిపి, ఆ తగవును దాని అసలు యజమానులకు అప్పగిస్తాడు.

చిన్న పిల్లలతో మరొక పద్ధతి బాగా పనిచేస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్, దుస్తుల్లోనే మలవిసర్జన చేసుకునే పిల్లల గురించి 1984లో రాసిన వ్యాసంలో సమస్యను బిడ్డ నుంచి విడదీసి, దానికొక పేరు పెట్టి, కుటుంబమంతా ఒక పక్షంగా దానిని ఎదుర్కొనే విధానాన్ని వివరించాడు. కడుపునొప్పికి ‘గుర్రుగాడు’ అని పేరు పెట్టిన పిల్లవాడిని, వాడు ఎప్పుడు వస్తాడు, ఎవరి మాట వింటాడు, ఏ రోజున నువ్వు వాణ్ణి పట్టించుకోకుండా క్రికెట్ ఆడావు అని అడిగితే, తాను నొప్పి కన్నా పెద్దవాణ్ణన్న భావం వాడిలో మొదలవుతుంది. ఇంట్లో ‘నాటకాలు’ అన్న ఆరోపణకు కూడా చోటుండదు, ఎందుకంటే ఇప్పుడు తప్పంతా గుర్రుగాడిదే.

కుటుంబాన్ని కలుపుకుని, నొప్పికి పెద్దల స్పందనను మార్చే పద్ధతులకు రుజువులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మాథ్యూ శాండర్స్ బృందం 44 మంది పిల్లలపై చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, కుటుంబంతో కలిపి చికిత్స పొందిన పిల్లలకు మామూలు వైద్యం పొందిన వారికన్నా ఎక్కువగా నొప్పి పూర్తిగా తగ్గింది, తిరిగి రావడం కూడా తక్కువైంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనా లెవీ బృందం 2010లో 200 మంది పిల్లలపై ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రుల స్పందనను మార్చడం మీద దృష్టిపెట్టిన మూడే సమావేశాలతో నొప్పి తగ్గినట్టు కనిపించింది.

అన్ని నొప్పులకూ ఈ దారి సరైనది కాదు. బడి బస్సులో వేధింపు, ఉపాధ్యాయుడి దెబ్బలు, చదవడం, రాయడంలో ఉన్న గుర్తించని వైకల్యం, లైంగిక దాడి వంటివి కూడా కడుపునొప్పి రూపంలోనే బయటపడతాయి. బిడ్డను ఒక్కసారైనా పెద్దలెవరూ లేకుండా ఒంటరిగా మాట్లాడించకుండా చికిత్స మొదలుపెట్టే నిపుణుణ్ణి నమ్మకపోవడం మంచిది. లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నది. చచ్చిపోవాలన్న మాట బిడ్డ నోట వచ్చినప్పుడు దానిని బెదిరింపుగా కొట్టిపారేయకుండా మానసిక వైద్యుడికి వెంటనే చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా అందుబాటులో ఉంది. కుటుంబ చికిత్స చేస్తామన్న బోర్డులు కొండాపూర్‌లో వీధికొకటి కనిపించినా, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగడంలో మొహమాటం అవసరం లేదు. సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో శిక్షణ పొందినవారు కూడా ఈ పని చేస్తారు. ప్రైవేటు ఫీజులు భరించలేనివారు రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలో శారీరక పరీక్షలు చేయించుకుని, ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్ళవచ్చు.

నొప్పి తగ్గాక కూడా అది తిరిగి వచ్చే వేళలు దాదాపు ముందే తెలిసినవి. జూన్‌లో బడి తెరిచే వారం, యూనిట్ పరీక్షల ముందు రోజులు, తండ్రి ఆన్‌సైట్ నుంచి వచ్చిన వారం, నాయనమ్మ ఊరికి తిరిగి వెళ్ళిన మరునాడు అలాంటివి. చివరి సమావేశంలో కుటుంబం ఒక కాగితం మీద ఆ వేళలను రాసుకుని, ఆ ఉదయం ఎవరు లేపాలో, ఎవరు బస్సు దాకా వెళ్ళాలో, నొప్పి అన్నప్పుడు ఎవరు ఏ ఒక్క మాట చెప్పాలో, ఎన్ని రోజుల తరువాత పిల్లల వైద్యుడికి చూపించాలో, ఎన్ని వారాల తరువాత నిపుణుడికి ఫోన్ చేయాలో నిర్ణయించుకోవాలి. ఆ కాగితం ప్రతి ఒకటి నాయనమ్మకు కూడా వాట్సాప్‌లో పంపాలి, ఎందుకంటే ఊరి నుంచి రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి “కన్నా, కడుపునొప్పి తగ్గిందా?” అని అడిగేది ఆమే.